19 పేర్ల పక్కన ఒకే అంకె: వాడుకోని సెలవుల మీద ఒక కేస్ స్టడీ

ఏడాది లెక్కలు ముగించే రోజుల్లో మా కంపెనీ ఫైనాన్స్ హెడ్ నాకు ఫోన్ చేశారు. "లీవ్ లయబిలిటీ ఏటేటా పెరిగిపోతోందండీ. ఆడిటర్లు అడుగుతున్నారు. తగ్గించే దారేదైనా చూడండి" అన్నారు. ఉద్యోగులు అలసిపోతున్నారనో, మానేస్తున్నారనో ఆయన అనలేదు. ఆయన ముందున్నది బ్యాలెన్స్ షీట్‌లో ఒక అంకె. ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, మా మొదటి ప్రయత్నం చెడిపోవడానికి బీజం ఆ ఫోన్‌లోనే పడింది. అంకెను తగ్గించమన్నారు, మేం అంకెనే తగ్గించాం.

లీవ్ లయబిలిటీ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఉద్యోగి వాడుకోకుండా మిగుల్చుకున్న జీతంతో కూడిన సెలవు కంపెనీకి అప్పు కిందే లెక్క. తర్వాతి ఏడాదికి కలుపుకోగలిగే సెలవుల ఖర్చును, ఉద్యోగి ఆ సెలవు సంపాదించుకున్న ఏడాదిలోనే పుస్తకాల్లో చూపించాలని ఐఏఎస్ 19 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం చెబుతుంది. పైగా ఇది ఉన్నచోటే ఉండి పెరిగే అప్పు. జూనియర్‌గా ఉన్నప్పుడు మిగిలిన రోజుకు, సీనియర్ అయ్యాక ఉద్యోగం వదిలేటప్పుడు, అప్పటి జీతం లెక్కన డబ్బు కట్టాలి. జీతం పెరిగినప్పుడల్లా పాత సెలవుల విలువ కూడా పెరుగుతుంది. కాబట్టి ఫైనాన్స్ హెడ్ గారి టెన్షన్‌లో తప్పేమీ లేదు.

మాది వేరే సంస్థలకు బిల్లింగ్, అకౌంట్లు, క్లెయిముల పని చేసిపెట్టే ఆఫీసు. 64 మంది ఉద్యోగులు, వారానికి 5 రోజుల పని. ఏడాదికి 20 రోజుల వార్షిక సెలవు. వాడుకోనివి తర్వాతి ఏడాదికి కలుస్తాయి కానీ మొత్తం 45 దాటకూడదు, దాటినవి ల్యాప్స్. మానేసేటప్పుడు మిగిలినవాటికి డబ్బు ఇస్తారు. ఇలాంటి పాలసీలు చాలా ఆఫీసుల్లో ఉంటాయి.

లీవ్ బ్యాలెన్సుల షీట్ తెప్పించుకుని ఎక్కువ నుంచి తక్కువకు పేర్చాను. పైనుంచి కిందికి 45, 45, 45, 45. వరసగా 19 పేర్ల పక్కన అదే అంకె. అది చూసి ఆ రోజు నాకు తట్టింది ఒక్కటే: పరిమితి మరీ ఎక్కువగా ఉంది, దాన్ని దించితే సరిపోతుంది. ఆ షీట్ ముందు ఇంకో గంట కూర్చుని ఉండాల్సింది.

మొదటి ఏడాది ఏం చేశామంటే

పరిమితిని 45 నుంచి 30కి దించాం. పాత బ్యాలెన్స్ వాడుకోవడానికి ఆ ఏడాది చివరి వరకు గడువు ఇచ్చాం. ప్రతి నెలా అందరికీ మెయిల్: మీకు ఇన్ని రోజులున్నాయి, ఫలానా తేదీలోపు వాడుకోండి, లేకపోతే పోతాయి. మెయిల్ కింద విశ్రాంతి ఎంత అవసరమో నాలుగు మంచి వాక్యాలు కూడా రాశాను.

మొదటి నెలల్లో కదలిక లేదు. ఏడాది చివరి రెండు నెలల్లో లీవ్ అప్లికేషన్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. టీమ్ లీడర్లు సగం మందికి శాంక్షన్ చేసి, మిగతా సగం మందితో "మీరు కూడా వెళితే పని ఎవరు చేస్తారు?" అన్నారు. శాంక్షన్ కానివాళ్ళ రోజులు మెయిల్‌లో చెప్పినట్టే పోయాయి. శాంక్షన్ అయినవాళ్ళ సంగతి తర్వాత, ఐటీ వాళ్ళ దగ్గర లాగిన్ రికార్డు తీయించినప్పుడు తెలిసింది. సెలవు పెట్టిన రోజునే ఉదయం 9కి లాగిన్, సాయంత్రం 6కి లాగౌట్. ఒక పేరు కాదు, పేరు తర్వాత పేరు. లీవ్ పోతుందన్న భయంతో లీవ్ పెట్టారు, పని ఆగిపోతుందన్న భయంతో ఇంట్లో కూర్చుని పని చేశారు.

లయబిలిటీ మాత్రం తగ్గింది. లక్ష్యం నెరవేరిందని ఫైనాన్స్ హెడ్ గారికి రిపోర్టు ఇచ్చింది నేనే. ఆయన థాంక్స్ చెప్పారు. ఆ రిపోర్టు ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కంపెనీ అప్పు తగ్గింది ఉద్యోగులు విశ్రాంతి తీసుకోవడం వల్ల కాదు, వాళ్ళ రోజులు వాళ్ళ చేతుల్లోంచి జారిపోవడం వల్ల.

ఈ "వాడుకోండి, లేకపోతే పోతాయి" అన్న పద్ధతి గురించి 2018 నవంబర్ 6న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం జర్మనీ పరిశోధన సంస్థ మాక్స్ ప్లాంక్ సొసైటీ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. ఉద్యోగి అడగలేదన్న ఒక్క కారణంతో సెలవు దానంతటదే పోకూడదని చెప్పింది. సెలవు తీసుకునే అవకాశం ఉద్యోగికి నిజంగా కల్పించామని, గడువు ముగిస్తే పోతుందని స్పష్టంగా, సకాలంలో చెప్పామని చూపించాల్సిన భారం యజమానిదేనని తేల్చింది. మా కంపెనీ ఆ చట్టం పరిధిలో లేదు. అయినా ఆ తీర్పు సారాంశం చదువుతుంటే నా మెయిళ్ళు గుర్తొచ్చాయి. చెప్పడం వరకు నెలనెలా చెప్పాం. అవకాశం కల్పించామా అంటే, లేదు.

మళ్ళీ ఆ షీట్ దగ్గరికి

రెండో ఏడాది మొదట్లో డైరెక్టర్ గారిని కలిసి, చేసిన పని సరిగ్గా లేదని చెప్పి, ఇంకొక అవకాశం అడిగాను. పాత షీట్‌నే మళ్ళీ తెరిచాను. ఈసారి వేసుకున్న ప్రశ్న వేరు. 19 మందికీ సరిగ్గా 45 ఎలా వచ్చింది? మనుషులు ఒకే లెక్కన సెలవులు వాడరు. 45 అంటే అక్కడితో ఆగిపోయారని కాదు, అది దాటినవన్నీ కనబడకుండా పోయాయని. ల్యాప్స్ అయిన రోజుల్ని సాఫ్ట్‌వేర్ ఎక్కడా దాచలేదు. అందుకని ఆ 19 మందికి మూడేళ్ళ హాజరు రికార్డు తీసుకుని చేత్తో లెక్క వేశాను.

అందరికన్నా ఎక్కువ రోజులు పోయింది ఒక సీనియర్ అకౌంటెంట్‌కి. నెలాఖరు లెక్కలు ముగించేది ఆవిడే కాబట్టి ఆఫీసంతా ఆవిడను క్లోజింగ్ మేడమ్ అంటారు. ఆ షీట్‌కు మూడేళ్ళ ముందు కూడా ఆవిడ బ్యాలెన్స్ 45. ఆ మూడేళ్ళలో 60 రోజులు జమయ్యాయి, వాడుకున్నవి 11. షీట్‌లో బ్యాలెన్స్ మళ్ళీ అదే 45. అంటే 49 రోజులు గాల్లో కలిసిపోయాయి. వారానికి 5 పనిదినాల లెక్కన దాదాపు 10 వారాలు. ఆ 10 వారాలకూ జీతం ఎటూ వచ్చేది, ఇంట్లో ఉన్నా ఆఫీసుకొచ్చినా. ఆవిడ వాటిని పనిచేస్తూ గడిపింది. పుస్తకాల్లో దీని జాడ ఎక్కడా లేదు.

షీట్‌లో అడుగున ఉన్న పేర్లు కూడా చూశాను. అక్కడ ఒకావిడ బ్యాలెన్స్ సున్నా. ఏడాదికి 20 రోజులూ వాడుకున్నారు. మొదటి ఏడాది నా రిపోర్టులో ఆవిడ ఆదర్శం. తేదీలు చూస్తే ఒక్కొక్క రోజు, రెండేసి రోజులు, ఏడాదంతా చెదురుమదురుగా ఉన్నాయి. కనుక్కుంటే, అన్నీ తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజులు. సెలవు పూర్తిగా వాడుకున్న మనిషికి ఆ ఏడాది ఒక్క రోజు కూడా విశ్రాంతి లేదు. వాడుకున్న శాతం చూసి సంతోషపడే హెచ్‌ఆర్ వాళ్ళందరికీ ఇది గట్టిగా చెప్పాలనిపిస్తుంది: సున్నా బ్యాలెన్స్ ఉన్నవాళ్ళతో కూడా ఒకసారి మాట్లాడండి. మేం ఆవిడ కోసం కుటుంబ సభ్యుల అనారోగ్యానికి వేరే సెలవు పద్దు పెట్టించాం. ఆ ఒక్క మార్పుకే నాలుగు నెలలు పట్టింది.

అడగాల్సిన ప్రశ్న

"లీవ్ ఎందుకు పెట్టరు?" అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు, "అవసరం రాలేదు సార్" అని. ఇది మా ఆఫీసులోనే కాదు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023లో వెలువరించిన సర్వేలో, జీతంతో కూడిన సెలవు ఉన్న ఉద్యోగుల్లో 46 శాతం మంది తమకిచ్చినదాని కన్నా తక్కువే వాడుకుంటామన్నారు. కారణాల్లో మొదటిది, ఇంకా ఎక్కువ సెలవు అవసరం అనిపించలేదన్నది: 52 శాతం. దాని వెనకే, పనిలో వెనకబడిపోతామన్న భయం 49 శాతం, మన పని తోటివాళ్ళ మీద పడుతుందన్న మొహమాటం 43 శాతం. పై అధికారి వద్దంటారని చెప్పినవాళ్ళు 12 శాతమే. రెండో, మూడో కారణాల్ని కలిపి చూసినప్పుడు మొదటి కారణం మీద నాకు అనుమానం వచ్చింది. "అవసరం రాలేదు" అనడం సులువు. "నా పని చూసే దిక్కు లేదు" అని పై అధికారి ముందు అనడం సులువు కాదు.

అందుకే ప్రశ్న మార్చాను. "రేపటి నుంచి మీరు 10 పనిదినాలు రారు, ఫోన్ కూడా ఎత్తరు అనుకోండి. ముందుగా ఆగిపోయేది ఏది?"

ఈ ప్రశ్నకు "అవసరం రాలేదు" అని జవాబు చెప్పడం కుదరదు. ప్రతి ఒక్కరూ ఏదో ఒక పని పేరు చెప్పారు. "ఆ క్లయింటు మెయిళ్ళు నాకు తప్ప ఎవరికీ అర్థం కావు." "పేమెంట్ పోర్టల్ ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది." "ఏదీ ఆగదు సార్, కానీ నేనొచ్చేసరికి అన్నీ నా టేబుల్ మీద గుట్టగా ఉంటాయి." చివరి మాట ఎక్కువమంది నోట విన్నాను. వాళ్ళకు సెలవంటే పని వాయిదా పడడమే. వెళ్ళే ముందు వారం రెండింతలు, వచ్చాక వారం రెండింతలు. అలాంటి సెలవు మీద ఎవరికి ఆశ ఉంటుంది?

ఓటీపీ లాంటివి వారంలో సర్దేశాం. రెండో వ్యక్తికి అధికారం ఇప్పించడమే, అదేం పెద్ద విషయం కాదు. అసలు కష్టం ఒక్కరి తలలో మాత్రమే ఉన్న పని దగ్గర ఎదురైంది.

క్లోజింగ్ మేడమ్ పక్కన రెండు మధ్యాహ్నాలు

ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఆవిడ కింద పనిచేసే జూనియర్ కుర్రాడు నోట్‌బుక్‌తో ఇంకో పక్క. ఆవిడ మామూలుగా పని చేసుకుపోతుంటే, ఏ ఫైలు తెరిచారు, ఎక్కడ ఆగారు, ఏది సరిచేశారు అన్నది అతను రాస్తూ పోయాడు. మొత్తం 31 దశలు తేలాయి. అప్పటి వరకు ఆఫీసులో ఎవరిని అడిగినా క్లోజింగ్ అంటే పది పన్నెండు పనులని చెప్పేవాళ్ళు.

తొమ్మిదో దశ దగ్గర ఆవిడ చకచకా ఏదో చేసి ముందుకెళ్ళిపోయారు. కుర్రాడు ఆపాడు. "అక్కా, ఇప్పుడేం చేశారు?" ఆవిడ వెనక్కొచ్చి చూపించారు. ఒక బ్రాంచ్ నుంచి వచ్చే ఫైలులో తేదీలు తారుమారుగా ఉంటాయట, రోజు ఉండాల్సిన చోట నెల, నెల ఉండాల్సిన చోట రోజు. ఆవిడ నెలనెలా ఆ కాలమ్ తిప్పి సరిచేస్తారు. "ఇది కూడా రాయాలా?" అని అడిగారు. ఎన్నాళ్ళుగా ఇలా చేస్తున్నారంటే, ఆవిడకే గుర్తు లేదు. ఆ బ్రాంచ్‌కి ఒక్కసారి చెబితే పోయేదాన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పే తీరిక ఏ నెలా దొరకలేదు.

రెండో రోజు సాయంత్రం, కుర్రాడు వెళ్ళిపోయాక, ఆవిడ గొంతు తగ్గించి అడిగారు. "ఇవన్నీ రాసేసుకున్నారు కదా సార్. రేపు నేను లేకుండానే క్లోజింగ్ అయిపోతే, మరి నేనెందుకు అనుకోరా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంతగా ఆలోచనలో పడేసిన ప్రశ్న ఇంకొకటి లేదు. నేను అప్పటిదాకా ఆవిడ సెలవు పెట్టకపోవడాన్ని అంకితభావం అనుకున్నాను, లేదా అలవాటు అనుకున్నాను. ఆవిడకు అది రక్షణ. తాను లేకపోతే ఆగిపోయే పని ఉన్నంతకాలం తన కుర్చీకి ఢోకా లేదు. 49 రోజులు వదులుకుని ఆవిడ ఆ భరోసాను కొనుక్కున్నారు. ఇలాంటి మనిషికి విశ్రాంతి గొప్పతనం గురించి మెయిళ్ళు పంపితే ఏం లాభం?

"అలా ఏం జరగదు మేడమ్" అని నోటిమాట చెప్పి రావడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ హామీ ఇచ్చే అధికారం నాకు లేదు. డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళి రెండు అడిగాను. ఆవిడ ఆ ఏడాది లక్ష్యాల్లో "క్లోజింగ్ స్వయంగా చేయగలిగే ఇద్దరిని తయారు చేయడం" అన్నది మొదటి అంశంగా రాయాలని, జీతం పెంపులో దానికి లెక్క ఉండాలని. రెండోది, సెలవు పత్రం మీద "సెలవు కాలంలో ఈ ఉద్యోగిని సంప్రదించరాదు" అని డైరెక్టర్ సంతకం ఉండాలని.

ఆయన మొదట ఒప్పుకోలేదు. అలసట గురించి, ఆరోగ్యం గురించి చెప్పినంతసేపు తల ఊపారు, అంతే. ఆయన్ని కదిలించింది వేరే వాదన. 2008 జనవరిలో ఫ్రాన్స్‌లోని సొసైటే జెనెరాల్ బ్యాంకుకు జెరోమ్ కెర్వియల్ అనే ట్రేడర్ అనుమతి లేకుండా చేసిన లావాదేవీల వల్ల 490 కోట్ల యూరోల నష్టం బయటపడింది. 2007 మొత్తంలో అతను తీసుకున్న సెలవు 4 రోజులే. ఒక మనిషి ఎప్పుడూ కుర్చీ వదలకపోతే ఆ పనిని ఇంకో జత కళ్ళు ఎప్పుడూ చూడవు. అమెరికాలో బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ఎఫ్‌డీఐసీ కూడా, బ్యాంకు సిబ్బంది ఏటా వరుసగా 2 వారాలు సెలవులో ఉండేలా చూడమని సూచించేది ఇందుకే. ఇది విన్నాక ఆయన కాగితం ముందుకు లాక్కున్నారు. ఈ వాదనను నేను ఆ గది దాటి బయటకు తేలేదు. క్లోజింగ్ మేడమ్ లాంటివాళ్ళ చెవిన పడితే, మమ్మల్ని అనుమానిస్తున్నారా అని మనసు విరిగిపోతుంది. ఈ పని చేసేవాళ్ళు ఈ జాగ్రత్త తప్పకుండా పాటించాలి.

10 రోజుల నియమం

రెండో ఏడాది నియమం ఇది: 20 రోజుల్లో 10 పనిదినాలు వరుసగా తీసుకోవాలి. ఏ 10 అన్నది ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో వేసుకోవాలి. మిగతా 10 ఎప్పుడైనా, ఎలాగైనా.

10 అన్న అంకె ఊరికే పెట్టలేదు. నెదర్లాండ్స్‌లో పరిశోధకురాలు జెస్సికా డి బ్లూమ్ బృందం 54 మంది ఉద్యోగులను సగటున 23 రోజుల సెలవు అంతటా గమనించింది. సెలవు మొదలైన కొద్దీ వాళ్ళ ఆరోగ్యం, మనసు కుదుటపడుతూ 8వ రోజు ప్రాంతంలో గరిష్ఠానికి చేరాయి. తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే మళ్ళీ పాత స్థాయికి వచ్చేశాయి. ఈ రెండు సంగతులూ మాకు పనికొచ్చాయి. ఒక శుక్రవారం కలిపి తీసుకునే మూడు రోజులతో ఆ 8వ రోజుకు చేరలేం. 10 పనిదినాలకు ముందూ వెనకా శని, ఆదివారాలు కలిస్తే 16 రోజులవుతాయి. అలాగే ఫలితం త్వరగా కరిగిపోతుంది కాబట్టి మొత్తం 20 ఒకేసారి వాడేయడం కూడా మంచిది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన 132వ ఒప్పందంలో కూడా ఇదే లెక్క కనిపిస్తుంది: ఏడాదికి కనీసం 3 పని వారాల సెలవు, వేరే ఒప్పందం లేకపోతే అందులో ఒక భాగం విడవకుండా 2 వారాలు.

తేదీలు ముందే వేసుకోవాలన్న ఆలోచన జపాన్ నుంచి తీసుకున్నాను. అక్కడ సెలవులు ఉన్నా తీసుకోకపోవడం పెద్ద సమస్య. ఏడాదికి 10 రోజులు, ఆపైన సెలవు ఉన్న ప్రతి ఉద్యోగీ కనీసం 5 రోజులు తీసుకునేలా చూసే బాధ్యతను 2019 ఏప్రిల్ నుంచి అక్కడి చట్టం యజమాని మీద పెట్టింది. ఉద్యోగి తనంతట తాను తీసుకోకపోతే, అతని ఇష్టం కనుక్కుని యజమానే తేదీలు ఖరారు చేయాలి. అడిగే భారం ఉద్యోగి మీద నుంచి తొలగిపోవడమే ఇందులో నాకు నచ్చింది. లీవ్ కావాలని అడగడమే చాలామందికి పెద్ద పరీక్ష.

మొదటి సెలవు డైరెక్టర్ గారిదే అని పట్టుబట్టాను. వెళ్ళారు. మూడో రోజు బిల్లింగ్ ఇన్‌ఛార్జ్ గారు పరుగులాంటి నడకతో నా గదికి వచ్చారు. చేతిలో ఫోన్ మోగుతోంది. "డైరెక్టర్ సారే చేస్తున్నారు. ఎత్తాలా, వద్దా?" ఇద్దరం ఆ ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాం. అది మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ చెయ్యి వణుకుతోంది. నాకూ ధైర్యంగా ఏమీ లేదు.

ఆయన తిరిగొచ్చిన సోమవారం మీటింగ్‌లో తనే ఎత్తారు ఆ మాట. "నేను ఫోన్ చేయకుండా ఉండాల్సింది. చేసింది నా తప్పు. ఎత్తకపోవడం ఆవిడ చేసిన మంచి పని" అన్నారు. నేను రాసిన పాలసీ పేజీలన్నిటి కన్నా ఆ మాటే ఎక్కువ పని చేసింది. ఆ వారంలోనే పదకొండు మంది తేదీలు వేసుకున్నారు.

తిరిగొచ్చిన రోజు మీటింగులు ఉండవు. సెలవులో పని చూసిన మనిషి ఒక గంట పక్కన కూర్చుని, ఏవి అయిపోయాయో, ఏవి మిగిలాయో చెబుతారు. పాత మెయిళ్ళన్నీ చదవాల్సిన పని లేదు. గుట్ట భయం దీనితో చాలావరకు తగ్గింది.

తొమ్మిదో దశ

క్లోజింగ్ మేడమ్ మొదటిసారి నెల మధ్యలో వెళ్ళి వచ్చారు, ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాతి ఏడాది, ఆవిడ ఒప్పుకున్నాకే, నెలాఖరు కలిసేలా తేదీలు వేశాం. కుర్రాడు 31 దశల కాగితం ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు.

మొత్తాలు కుదరలేదు. రాత్రి వరకు కూర్చున్నాడు, కుదరలేదు. ఫోన్ చేద్దామా అని టీమ్ లీడర్ అంటే వద్దన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి దొరికింది. ఆ బ్రాంచ్‌లో కొత్తగా చేరిన ఉద్యోగి ఆ నెల ఫైలును సరైన తేదీలతోనే పంపారు. కాగితంలో "తేదీ కాలమ్ తిప్పాలి" అని ఉంది కాబట్టి కుర్రాడు తిప్పాడు. సరిగ్గా ఉన్నది తారుమారైంది. క్లోజింగ్ ఒకటిన్నర రోజు ఆలస్యమైంది. క్లయింటుకు డైరెక్టర్ గారే స్వయంగా ఫోన్ చేసి చెప్పారు.

మేడమ్ తిరిగొచ్చాక విషయం విని ఆశ్చర్యపోయారు. "చూడకుండా తిప్పేశావా? నేను ముందు 12 కన్నా పెద్ద అంకె ఎక్కడుందో చూస్తాను కదా. 12 దాటింది నెల కాదు, రోజే. అది ఏ పక్కన ఉందో చూశాకే తిప్పేది." ఇది ఆవిడ మాకు ముందు చెప్పలేదు. దాచిపెట్టడం వల్ల కాదు, తాను అలా చూస్తున్నానని ఆవిడకే తెలియకపోవడం వల్ల. కంటికి అలవాటైపోయిన పని అది. పక్కన రెండు మధ్యాహ్నాలు కూర్చున్నా మాకు కనబడలేదు, ఆవిడ లేని ఒక్క నెలాఖరులో కనబడింది. కుర్రాడు ఆ లైను కొట్టేసి, తన చేతిరాతతో కొత్తది రాసుకున్నాడు. ఆ సాయంత్రమే బ్రాంచ్‌కి మెయిల్ వెళ్ళింది, ఫైలు నమూనా శాశ్వతంగా మారింది. ఇప్పుడు 30 దశలే.

డబ్బు సంగతి

అకౌంట్స్‌లో ఒకాయన మాత్రం 10 రోజులు తీసుకోనన్నారు. కారణం దాచలేదు. "మానేసే రోజున ఆ 45 రోజుల డబ్బుతో ఒక అప్పు తీర్చుకోవాలని లెక్క వేసుకున్నాను సార్. మీరు మొదటి ఏడాది 30 చేసి నా చేతిలోంచి 15 రోజులు తీసేశారు."

సెలవును డబ్బుగా మార్చుకోవడం మంచిది కాదన్న వైపే నేను ఉంటాను. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పని గంటల ఆదేశంలో ఏడాదికి కనీసం 4 వారాల సెలవు ఇచ్చి, ఉద్యోగం ముగిసినప్పుడు తప్ప దాని బదులు డబ్బు ఇవ్వకూడదంది. అవసరంలో ఉన్నవాళ్ళే ముందుగా విశ్రాంతిని అమ్ముకుంటారు కాబట్టి ఆ నిషేధం సరైనదే. కానీ నియమం మధ్యలో మార్చడం వేరు. ఆయన ఆ డబ్బును నమ్ముకుని ఏళ్ళుగా లెక్క వేసుకున్నారు. ఆయన మాటే న్యాయం. మొదటి ఏడాది పరిమితి దించడం వల్ల పోయిన రోజుల్ని అందరికీ వేరే పద్దులో తిరిగి చేర్చమని రాశాను. ఆ పద్దుకు కొత్త పరిమితి వర్తించదు, మానేసేటప్పుడు డబ్బు వస్తుంది. ఫైనాన్స్ హెడ్ గారికి ఇది కష్టంగా తోచింది, ఎందుకంటే తగ్గిన లయబిలిటీలో కొంత మళ్ళీ పెరిగింది. అయినా సంతకం పెట్టారు. అకౌంట్స్ ఆయన ఆ మరుసటి నెల తేదీలు వేసుకున్నారు.

మూడో ఏడాది ముగిసేసరికి 64 మందిలో 57 మంది వరుస సెలవు పూర్తి చేశారు. ఈసారి లాగిన్ రికార్డు కూడా చూశాను, సెలవు రోజుల్లో దాదాపు ఖాళీగా ఉంది. మిగిలిన 7 మందిలో ముగ్గురు ఏడాది మధ్యలో చేరినవాళ్ళు, ఇద్దరు ప్రసూతి సెలవు నుంచి అప్పుడే వచ్చినవాళ్ళు.

చివరి ఇద్దరిదీ క్లెయిముల డెస్క్. అక్కడ ఉన్నదే ఇద్దరు. ఒకరు వెళితే రెండో మనిషి మీద రోజుకు ఇద్దరు మనుషుల పని పడుతుంది, కాబట్టి ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఇద్దరూ వెళ్ళలేదు. ఇక్కడ కాగితం మీద దశలు రాసినా, డైరెక్టర్ సంతకం ఉన్నా ఉపయోగం లేదు. కావాల్సింది మూడో మనిషి. బిల్లింగ్ నుంచి ఒకరికి ఆరు వారాలు క్లెయిముల పని నేర్పించి, ఆ ఖాళీలో కొత్తగా ఒకరిని తీసుకోవాలని ప్రతిపాదన రాశాను. ఇద్దరి సెలవు లెక్క, పోయిన రోజుల లెక్క, కొత్త జీతం ఖర్చు పక్కపక్కనే పెట్టాను. ఆ ఫైలు ఇప్పుడు ఫైనాన్స్ హెడ్ గారి దగ్గరే ఉంది. వచ్చే నెల బడ్జెట్ మీటింగ్‌లో దాని గురించి మాట్లాడాలి.